నాన్న రిటైరయ్యేలోపే పిల్లల మనోవర్తి బకాయి రాబట్టుకోవడం ఎలా?

విడాకులయ్యాయి. పిల్లకి నెలకు ఇంత ఇవ్వాలని కోర్టు ఆర్డరూ ఉంది. కొన్నాళ్ళు సక్రమంగానే వేశాడు. తర్వాత ఆలస్యం, ఆ తర్వాత సగం, ఆపైన అసలు లేదు. గట్టిగా అడిగితే "రిటైరయ్యాక డబ్బొస్తుంది, మొత్తం ఒకేసారి ఇచ్చేస్తా" అంటాడు. ఊళ్ళో పెద్దమనుషులు కూడా "ఎక్కడికి పోతాడమ్మా, గవర్నమెంటు ఉద్యోగం కదా, ఆ డబ్బు రానీ" అని సర్దిచెప్తారు.

ఆ మాట నమ్ముకుని కూర్చోవద్దు. నెలజీతంలో మూడింట రెండు వంతుల దాకా జప్తు చేయించగల కోర్టే, అదే మనిషి గ్రాట్యుటీ, పీఎఫ్ దగ్గరకొచ్చేసరికి వెనకాడుతుంది. ఆ డబ్బుకి చట్టం ఇచ్చిన రక్షణ అలాంటిది. కాబట్టి అసలు పని అతను ఉద్యోగంలో ఉండగానే జరగాలి. రిటైరయ్యాక చేయగలిగినవీ ఉన్నాయి, అవి కూడా చెప్తాను. కానీ అవి రెండో దారి.

అమలాపురమైనా, భీమవరమైనా, తణుకైనా, రాజమండ్రి అయినా పద్ధతి ఇదే. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అక్కడ, లేనిచోట మేజిస్ట్రేట్ కోర్టులోనో సివిల్ కోర్టులోనో నడుస్తుంది.

1. మీ చేతిలో ఉన్న ఆర్డరు ఏ రకమో చూసుకోండి

కాగితం మీద కేసు నెంబరు ముందు ఏముందో చూడండి. "ఎంసీ" అని ఉంటే అది మనోవర్తి కేసు. పాత సీఆర్‌పీసీ 125వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అదే, కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్ 144వ సెక్షన్. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అనే తేడా లేకుండా పిల్లలందరికీ ఇది వర్తిస్తుంది. "ఓపీ" అని ఉండి విడాకుల డిక్రీలోనే పిల్లల ఖర్చు రాసి ఉంటే, అది హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద ఇచ్చింది అయ్యుండొచ్చు. గృహహింస కేసులో 20వ సెక్షన్ కింద వచ్చిన ఆర్డరు ఇంకో రకం.

ఎందుకింత పట్టింపు అంటే, గడువు. ఎంసీ ఆర్డరు మీద బకాయి వసూలుకు వారెంటు కావాలంటే, ఆ డబ్బు ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు పిటిషన్ వేయాలి. నెలకు 8,000 చొప్పున 30 నెలలు ఎగ్గొట్టాడనుకోండి. బాకీ 2,40,000. మీరు ఇన్నాళ్ళూ ఓపిక పట్టి ఇప్పుడు కోర్టుకెళ్తే, వారెంటు మీద వచ్చేది చివరి 12 నెలలది, అంటే 96,000 మాత్రమే. మిగతా 1,44,000 మీ మంచితనానికి పడిన జరిమానా. అదే విడాకుల డిక్రీలోనో, 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద వచ్చిన డిక్రీలోనో ఉన్న మొత్తమైతే, ఒక్కో నెల బాకీ పడిన రోజు నుంచి 12 ఏళ్ళ దాకా అమలుకు వెళ్ళొచ్చు.

అందుకే ఎంసీ ఆర్డరు ఉన్నవాళ్ళు అతను ఇచ్చినా ఇవ్వకున్నా క్యాలెండరులో ఒక తేదీ పెట్టుకోండి. బాకీ మొదలై పది నెలలు దాటిందంటే పిటిషన్ వేసేయాలి. రాజీ మాటలు నడుస్తున్నా సరే, పిటిషన్ వేసి మాట్లాడుకోండి. రాజీ కుదిరితే వెనక్కి తీసుకోవడం నిమిషం పని.

ఇంకో మాట. చాలా మ్యూచువల్ విడాకుల పత్రాల్లో "ఇకపై ఒకరి మీద ఒకరికి ఏ బాకీలూ లేవు, పిల్లల ఖర్చు తల్లే చూసుకుంటుంది" అని రాయించేస్తారు. ఆ సంతకం మీది, పిల్లది కాదు. పిల్లల హక్కును తల్లి వదులుకున్నా అది పిల్లలను కట్టిపడేయదు. పిల్లని పిటిషనరుగా పెట్టి, మీరు గార్డియన్‌గా సంతకం చేసి కేసు వేయొచ్చు. పిల్లల పేరు మీద వేయడంలో ఇంకో లాభం, రేపు మీరు మళ్ళీ పెళ్ళి చేసుకున్నా పిల్లల మనోవర్తి ఆగదు.

లాయరుకి ఇవ్వడానికి డబ్బు లేదని ఆగొద్దు. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ఇచ్చిన హక్కు అది. కోర్టు ఆవరణలోనే మండల న్యాయసేవల కమిటీ ఉంటుంది. 15100కి ఫోన్ చేసినా చెప్తారు.

2. బకాయి లెక్క ఒక్క కాగితం మీదకు తెచ్చుకోండి

నాలుగు గడులు గీయండి: నెల, రావాల్సింది, వచ్చింది, బాకీ. మీ బ్యాంకు పాస్‌బుక్ ఎంట్రీలు వేయించుకుని వరసగా పూరించండి. అతను ఫోన్‌పేలో మీ తమ్ముడి నెంబరుకు వేసిన 3,000, సంక్రాంతికి పిల్ల చేతికిచ్చిన 2,000, స్కూల్లో నేరుగా కట్టిన టర్మ్ ఫీజు కూడా దాచకుండా రాయండి. వాయిదా రోజు అతని లాయరు ఒక్క రసీదు తీసి "ఇది లెక్కలో లేదేం?" అంటే మిగతా లెక్క మీద కూడా జడ్జికి అనుమానం వస్తుంది. ఫీజు కట్టినంత మాత్రాన మనోవర్తిలో తగ్గుతుందా లేదా అన్నది కోర్టు తేలుస్తుంది. మీరు రాయడం మాత్రం రాయండి.

ఆర్డరు సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకుని ఉంచండి. తర్వాత ప్రతి ఆఫీసులోనూ అదే అడుగుతారు.

3. రిటైర్మెంట్ తేదీ కనుక్కోండి

మొత్తం పనికి ఇదే ఆయువుపట్టు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగులకు 2022 జనవరి నుంచి రిటైర్మెంట్ వయసు 62. కేంద్ర ఉద్యోగులకు, రైల్వే వాళ్ళకు 60. ఆ వయసు నిండిన నెల చివరి రోజున దిగిపోతారు. ఒక చిన్న మెలిక ఉంది: ఒకటో తారీఖున పుట్టినవాళ్ళు ముందు నెలాఖరుకే రిటైరవుతారు. 1965 జూన్ 14న పుట్టిన రాష్ట్ర ఉద్యోగి 2027 జూన్ 30న దిగితే, జూన్ 1న పుట్టినవాడు మే 31నే దిగుతాడు. మన పాత తరంలో సగం మందికి స్కూల్లో జూన్, జులై ఒకటో తారీఖులే రాయించారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. నెల పొరపాటు పడితే మీ పిటిషన్ వెళ్ళేసరికి ఆఫీసులో శాలువా కప్పేసి పంపేసి ఉంటారు.

పుట్టిన తేదీ ఎలా తెలుస్తుంది? పెళ్ళినాటి కాగితాల్లో, పిల్లల స్కూలు అప్లికేషన్లో, పాత రేషన్ కార్డులో చూడండి. టీచర్లయితే బదిలీలు, ప్రమోషన్ల సమయంలో డీఈఓ ఆఫీసు పెట్టే సీనియారిటీ లిస్టుల్లో పుట్టిన తేదీ ఉంటుంది. ఆఫీసు రికార్డుల్లో ఉన్న తేదీయే లెక్క, ఇంట్లో చెప్పుకునే వయసు కాదు.

ప్రైవేటు ఉద్యోగమైతే, రైస్ మిల్లయినా రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటయినా పేపరు మిల్లయినా, పీఎఫ్ పెన్షన్ 58 ఏళ్ళకు మొదలవుతుంది. ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. ప్రైవేటులో మనిషి ఏ రోజైనా మానేసి పీఎఫ్ తీసేసుకోవచ్చు. కాబట్టి వీళ్ళ విషయంలో 58 దాకా ఆగే ప్రశ్నే లేదు.

4. అతనికి రాబోయే డబ్బు ఎన్ని మూటలో తెలుసుకోండి

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి ఒకే చెక్కు రాదు. నెలనెలా పెన్షన్, దానిలో 40 శాతం దాకా ముందే అమ్ముకుంటే వచ్చే కమ్యుటేషన్, గ్రాట్యుటీ, జీపీఎఫ్ (ప్రభుత్వ ఉద్యోగుల పీఎఫ్) లేదా జడ్పీ టీచర్లకైతే జడ్పీపీఎఫ్, ఏపీజీఎల్ఐ (రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా) బాండు, గ్రూప్ ఇన్సూరెన్స్, 300 రోజుల దాకా నిల్వ ఉన్న ఎర్న్డ్ లీవుకి డబ్బు. ఒక్కోటి ఒక్కో ఆఫీసు నుంచి, ఒక్కో నెలలో వస్తుంది. 2004 సెప్టెంబరు నుంచి చేరినవాళ్ళు సీపీఎస్, అంటే జీతంలోంచి వాటా కట్టే పెన్షన్ పథకం, కింద ఉంటారు. వాళ్ళకు నిధిలో 60 శాతం చేతికి, 40 శాతం నెలవారీ యాన్యుటీకి వెళ్తుంది.

ప్రైవేటు ఉద్యోగి గ్రాట్యుటీ మీరే లెక్క కట్టొచ్చు. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో హెచ్చించి, సర్వీసు సంవత్సరాలతో హెచ్చించండి. 26,000 జీతం, 20 ఏళ్ళ సర్వీసు అయితే 3 లక్షలు. మామూలుగా ఐదేళ్ళు నిండాలి, గరిష్ఠం 20 లక్షలు. పీఎఫ్ పెన్షన్ మాత్రం చిన్నది. 15,000 పరిమితి మీద 30 ఏళ్ళు చేసినా నెలకు ఏడు వేల లోపే. ప్రైవేటు వాడి పెన్షన్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఈ వివరాలు మీరు ఆఫీసుకెళ్ళి అడిగితే ఇవ్వరు, ఆర్టీఐ వేసినా "వ్యక్తిగత సమాచారం" అని వెనక్కి పంపేస్తారు. కోర్టు అడిగితే ఇస్తారు. 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు మనోవర్తి కేసుల మీద ఇచ్చిన తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయాల అఫిడవిట్ వేసి తీరాలి. అది వేయించండి. దాంతోపాటు డీడీఓని, అంటే జీతం బిల్లు పెట్టే అధికారిని, జీతం స్లిప్పులతో సహా పిలిపించమని మెమో వేయండి. జడ్పీ హైస్కూల్ టీచరుకైతే హెడ్మాస్టరే డీడీఓ.

5. జీతం వస్తుండగానే జప్తు చేయించండి

ఇక్కడ మీ బలం ఎక్కువ. మామూలు అప్పు డిక్రీలో జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. మనోవర్తి డిక్రీ అయితే తిరగబడుతుంది: సీపీసీ, అంటే సివిల్ ప్రొసీజర్ కోడ్, 60వ సెక్షన్ అతనికి వదిలేది మూడింట ఒక వంతే. కొన్ని అలవెన్సులను తీసేశాక లెక్కలోకి వచ్చే జీతం 54,000 అనుకుంటే 18,000 అతనికి వదిలి 36,000 దాకా పట్టొచ్చు. నెలనెలా 8,000తో పాటు పాత బాకీ కింద 10,000 అడగడం అన్యాయమేమీ కాదు.

పద్ధతి ఇలా ఉంటుంది. ఈపీ అని పిలిచే ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయాలి. అందులో అతని పేరు, హోదా, ఎంప్లాయీ నెంబరు, డీడీఓ హోదా, ఆఫీసు అడ్రసు తప్పుల్లేకుండా ఉండాలి. కోర్టు ఆ అధికారికి జప్తు ఆర్డరు పంపుతుంది. అది అందాక కూడా మొత్తం జీతం అతనికే ఇచ్చేస్తే, ఆ మేరకు ప్రభుత్వమో కంపెనీయో తన జేబులోంచి కట్టాల్సి వస్తుంది. ఈ ముక్క తెలిసిన ఏ డీడీఓ, ఏ కంపెనీ అకౌంటెంటూ నిర్లక్ష్యం చేయడు. చేతిలో ఉన్నది ఎంసీ ఆర్డరైనా, పైన చెప్పిన 2020 తీర్పు దాన్ని సివిల్ డబ్బు డిక్రీలా అమలు చేయొచ్చని చెప్పింది.

మీ ఆర్డరు గృహహింస చట్టం కింద వచ్చిందైతే ఇంకా సులువు. 20వ సెక్షన్ ఆరో ఉపసెక్షన్ కింద మేజిస్ట్రేటు నేరుగా యజమానికి, లేదా అతనికి బాకీ ఉన్న మరెవరికైనా, "అతనికివ్వాల్సిన దాంట్లో ఇంత భాగం ఈవిడకివ్వండి, లేదా కోర్టులో కట్టండి" అని చెప్పొచ్చు.

జైలు సంగతి చాలామంది అడుగుతారు. సరైన కారణం లేకుండా ఎగ్గొడితే ఒక్కో నెల బాకీకి నెల దాకా జైలుకు పంపొచ్చు. జైలుకెళ్ళొస్తే బాకీ తీరిపోదు, డబ్బు అలాగే ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగి 48 గంటలు మించి కస్టడీలో ఉంటే సస్పెన్షన్‌లో ఉన్నట్టే లెక్క కాబట్టి ఆ వారెంటు పేరు చెప్పగానే డబ్బు కట్టేసినవాళ్ళు ఉంటారు. కానీ అంతటితో ఆగండి. కోపంలో ఉద్యోగమే ఊడగొట్టించాలని పై అధికారులకు పిటిషన్ల మీద పిటిషన్లు పెట్టేవాళ్ళున్నారు. డిస్మిస్ అయితే పెన్షన్ పోతుంది. కాయల కోసం కొబ్బరి చెట్టు నరుక్కున్నట్టే.

6. రిటైర్మెంట్‌కు ఏడాది ముందు ఇంకో పిటిషన్

పెన్షన్ ప్రపోజల్స్ రిటైర్మెంట్‌కు నెలల ముందే కదులుతాయి. అందుకని ఏడాది ముందే లాయరు దగ్గర కూర్చోండి. చివరి వారంలో పరిగెత్తితే స్టే అడగడానికి కూడా టైముండదు.

చట్టం ఎదురుగా ఏం నిలబెడుతుందో ముందు తెలుసుకోవాలి. 1972 గ్రాట్యుటీ చట్టం 13వ సెక్షన్, 1952 పీఎఫ్ చట్టం 10వ సెక్షన్, జీపీఎఫ్‌కి 1925 నాటి ప్రావిడెంట్ ఫండ్స్ చట్టం, ప్రభుత్వ పెన్షనర్ల గ్రాట్యుటీకి సీపీసీ 60వ సెక్షన్. అన్నీ జప్తు కుదరదనే చెప్తాయి. 2025 నవంబరు 21 నుంచి లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి పిటిషన్లో ఏ సెక్షన్ నెంబరు వేయాలో లాయరుతో ఒకసారి సరిచూసుకోండి. పైగా 2008లో సుప్రీంకోర్టు ఒక బ్యాంకు కేసులో, రిటైర్మెంట్ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారినా రక్షణ పోదని చెప్పింది. అతని లాయరు మొదట తీసేది ఆ తీర్పే. మీ జవాబు: అక్కడ అడిగింది అప్పిచ్చిన బ్యాంకు, ఇక్కడ అడిగేది కన్నబిడ్డ. పిల్లల తిండి అతను చేసిన అప్పు కాదు. ఈ వాదన ఒప్పుకునే జడ్జీలు ఉన్నారు, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. అందుకే మొత్తం బరువంతా దాని మీద వేయకుండా పిటిషన్లో వరసగా చాలా అడగాలి.

నేనైతే ఈ క్రమంలో అడగమంటాను. ముందుగా, రాబోయే డబ్బు మొత్తం వివరాలు డీడీఓ కోర్టుకు ఇవ్వాలని. తర్వాత, ఆఖరి జీతాన్నీ లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్‌నీ బాకీ మేరకు ఆపాలని. లీవు డబ్బు గ్రాట్యుటీ కాదు, ఆ చట్టం రక్షణ దానికి లేదు. చాలామంది దీన్ని మర్చిపోతారు. నిల్వ లీవు బాగా ఉన్నవాడికి అదే కొన్ని లక్షలు. మూడోది, గ్రాట్యుటీలోంచి బాకీ మేరకు ఆపాలని, అది కుదరదంటే కనీసం డబ్బు చేతికొచ్చిన 15 రోజుల్లో అతనే కోర్టులో జమ చేసేలా ఆదేశించాలని.

ఈ చివరిదే అన్నిటికన్నా పనికొచ్చేది. జప్తు ఆర్డరు నిధి మీద పడుతుంది, దానికి చట్టం అడ్డు. ఈ ఆదేశం మనిషి మీద పడుతుంది. అతను వాయిదాలో నిలబడి "వచ్చాక కడతానండీ" అంటే ఆ మాటను నోటి మాటగా పోనివ్వకండి. అండర్‌టేకింగ్‌గా రాయించి రికార్డు చేయించండి. కోర్టుకిచ్చిన అండర్‌టేకింగ్‌ను కావాలని తప్పితే కోర్టు ధిక్కారం. మీరింకా విడాకుల దశలోనే ఉంటే, ఒప్పంద పత్రంలోనే ఈ వాక్యం ఉండాలి: ఏ డబ్బు, ఎన్ని రోజుల్లో, ఏ అకౌంటుకు, పిల్లకి ఎన్నేళ్ళు వచ్చేదాకా. "తగిన ఏర్పాటు చేయగలవాడు" లాంటి మెత్తటి మాటలు వద్దు.

పిల్ల ఇంకా చిన్నదైతే, మిగిలిన ఏళ్ళ మనోవర్తికి సరిపడా మొత్తం పిల్ల పేరున బ్యాంకులో డిపాజిట్ చేయించమని కూడా అడగండి. పెద్ద మొత్తం చేతికొచ్చేది జీవితంలో అప్పుడొక్కసారే.

7. రిటైరైపోయాడా? అయితే పెన్షన్ చూడండి

1871 నాటి పెన్షన్ల చట్టం 11వ సెక్షన్ అడ్డం వస్తుందని బ్యాంకు వాళ్ళు, ట్రెజరీ వాళ్ళు అంటారు. ఆ సెక్షన్ ఆపేది అప్పులవాళ్ళ జప్తుని. మనోవర్తి అడిగే భార్య అప్పులవాడి కిందకు రాదు, పెన్షన్‌ను జప్తు చేయొచ్చు అని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ చెప్పింది. అది మన హైకోర్టు కాదు గనుక ఇక్కడి కోర్టు దానికి కట్టుబడి ఉండాలని లేదు, కానీ చూపించదగ్గ తీర్పు. పీపీఓ (పెన్షన్ మంజూరు ఆర్డరు) నెంబరు, పెన్షన్ పడే బ్యాంకు బ్రాంచి, రాష్ట్ర పెన్షనరైతే ఏ సబ్ ట్రెజరీ అన్నవి పిటిషన్లో ఉండాలి.

అతను ఊరుకోడు. ఆదాయం సగమైంది, మనోవర్తి తగ్గించండి అని బీఎన్‌ఎస్‌ఎస్ 146 కింద పిటిషన్ వేస్తాడు. పెన్షన్ స్లిప్పు ఒక్కటే చూపిస్తాడు. మీరు కమ్యుటేషన్ మొత్తం, లీవు డబ్బు, డిపాజిట్ల వడ్డీ, పొలం మీద వచ్చే కౌలు అన్నీ ముందు పెట్టండి. 40 శాతం పెన్షన్ ముందే అమ్ముకుని లక్షలు తీసుకున్నవాడు, ఆ తగ్గిన పెన్షన్‌ను చూపించి పేదరికం పాడితే కుదరదు. నిధిని జప్తు చేయడం కుదరకపోయినా, అతనికి ఇచ్చే స్తోమత ఉందని చూపడానికి ఆ డబ్బు పనికొస్తుంది.

8. డబ్బు పొలమైతే పొలం మీదకు వెళ్ళండి

డెల్టాలో రిటైర్మెంట్ డబ్బు బ్యాంకులో ఎక్కువ కాలం ఉండదు. అరెకరం కొబ్బరి తోటో, ఇంటి స్థలమో, చేపల చెరువులో వాటానో అవుతుంది. మీభూమి వెబ్‌సైటులో అతని ఊరి 1బీ, అడంగల్ (ఏ భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రికార్డులు) చూడండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అతని పాత ఆస్తులకి ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల చిట్టా) తీయించండి. రిటైర్మెంట్‌కు అటూఇటూ అన్నగారి పేరునో కొత్త భార్య పేరునో గిఫ్ట్ డీడు పడిందేమో అక్కడే బయటపడుతుంది.

భూమి దొరికితే రెండు దారులు. ఈపీలో జప్తు చేయించొచ్చు, జప్తు తర్వాత అతను చేసే అమ్మకం మీ బాకీ మీద చెల్లదు. ఎంసీ ఆర్డరైతే వారెంటు కలెక్టరుకు పంపమని అడగొచ్చు, అప్పుడు తహసీల్దారు భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు.

చెరువు లీజుకిచ్చి ఉంటే ఇంకా మేలు. రొయ్యల రైతు ఏటా అతనికి కట్టే లీజు డబ్బు ఉంటుందిగా, అది అతనికి రావాల్సిన బాకీ కింద లెక్క. లీజుదారుకి గార్నిషీ నోటీసు ఇప్పించి ఆ డబ్బు కోర్టులో కట్టించవచ్చు. పంట సీజన్ మొదలయ్యే ముందు, లీజు డబ్బు చేతులు మారకముందే నోటీసు పడాలి. బ్యాంకు అప్పు ఉంది, ముందు వాళ్ళదే హక్కు అని అతను అంటే, మనోవర్తి బకాయి బ్యాంకు బాకీల కన్నా ముందు తీర్చాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పిన సంగతి మీ లాయరుకు గుర్తుచేయండి.

9. పిల్లకి 18 నిండుతున్నాయా?

ఎంసీ ఆర్డరు మామూలుగా అక్కడితో ఆగుతుంది. అప్పటిదాకా పడిన బాకీ మాత్రం ఎక్కడికీ పోదు, ఏడాది గడువు చూసుకోండి చాలు. పెళ్ళికాని ఆడపిల్లకి సొంతంగా బతికే ఆదాయం లేకపోతే, హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ కింద పెళ్ళయ్యేదాకా అడిగే హక్కుంది. ఇంటర్ అయ్యి ఇంజనీరింగో నర్సింగో చేరే వయసు అది, ఫీజుల టెన్షన్ మొదలయ్యేది అప్పుడే. సివిల్ పిటిషన్ ముందుగానే సిద్ధం చేసుకోండి.

10. పిల్ల పేరు ఆఫీసు రికార్డుల్లో ఉందా?

ఇది ఎవరూ చెప్పరు. విడాకులతో మీకు ఫ్యామిలీ పెన్షన్ పోతుంది, పిల్లకి పోదు. ప్రైవేటు ఉద్యోగి చనిపోతే పీఎఫ్ పెన్షన్ పథకంలో ఒక్కో బిడ్డకి భార్య పెన్షన్‌లో 25 శాతం, కనీసం నెలకు 250, పాతికేళ్ళు వచ్చేదాకా ఇస్తారు. ఒకేసారి ఇద్దరు పిల్లల వరకు. అతను మళ్ళీ పెళ్ళి చేసుకున్నా మీ బిడ్డ అతని బిడ్డే. కేంద్ర ఉద్యోగి చనిపోయేనాటికి రెండో భార్య ఉంటే, విడాకులైన మొదటి భార్య బిడ్డకు, విడాకులు కాకపోయుంటే ఆ తల్లికి వచ్చే వాటా వస్తుంది. రాష్ట్ర ఉద్యోగుల పిల్లలకూ ఫ్యామిలీ పెన్షన్ ఉంది.

వీటికి అడ్డుపడేది ఒక్కటే: సర్వీసు రిజిస్టరులో, పీఎఫ్ నామినేషన్లో పిల్ల పేరు లేకపోవడం. కొత్త కాపురం పెట్టాక కుటుంబ సభ్యుల పట్టిక కొత్తగా రాసిచ్చేవాళ్ళు కొందరు పాత పిల్లల్ని వదిలేస్తారు. కాబట్టి పిల్ల పుట్టిన సర్టిఫికెట్, ఆధార్, తండ్రి పేరున్న స్కూలు సర్టిఫికెట్, విడాకుల డిక్రీ సర్టిఫైడ్ కాపీ జతచేసి, "ఈమె ఫలానా ఉద్యోగి కూతురు, కుటుంబ వివరాల్లో నమోదు చేయగలరు" అని అతని డీడీఓకి ఒక అర్జీ, ప్రైవేటైతే కంపెనీకీ పీఎఫ్ ఆఫీసుకీ చెరొకటి స్పీడ్ పోస్టులో పంపండి. పోస్టాఫీసు రసీదు, అందినట్టు వచ్చిన అక్నాలెడ్జ్‌మెంటు కార్డు కేసు కట్టలోనే పెట్టండి.